జామచెట్ల నడుమ స్కర్వీ

వలస వచ్చిన మన తెలుగువాళ్ల పండుగలో వలసపోయి చచ్చినవాళ్ల ఎముకల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఆ ఎముకలు చెప్పే సంగతి మనలాంటివాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. 1493 సెప్టెంబరులో కొలంబస్ 17 ఓడల్లో, వెయ్యిమందికి పైగా జనంతో, రెండోసారి స్పెయిన్ నుంచి బయలుదేరాడు. 1494 జనవరిలో, నేటి డొమినికన్ రిపబ్లిక్ ఉత్తర తీరాన, లా ఇసబెలా అనే ఊరు కట్టించాడు. నాలుగైదేళ్లకే ఆ ఊరు పాడుపడింది. అక్కడి శ్మశానంలో బయటపడ్డ 27 అస్థిపంజరాలను వెరా టీస్లర్, అల్ఫ్రెడో కొప్పా తదితర పరిశోధకులు పరిశీలించి, 20 మందిలో స్కర్వీ ఆనవాళ్లు ఉన్నాయని 2014లో ప్రకటించారు. స్కర్వీ అంటే విటమిన్ సి కరువు. కరువు వచ్చింది ఎక్కడ? జామ, అనాస, మిరప పండే ప్రాంతంలో. నారింజలో ఉన్న దానికి నాలుగింతల విటమిన్ సి జామపండులో ఉంటుంది. (మన జామ, మన మిరప అని మురిసిపోతాం గానీ, ఇవన్నీ అమెరికా ఖండాల వైపు నుంచి పోర్చుగీసు ఓడలెక్కి మనదాకా వచ్చినవే.) పోషకలోపం తిండి దొరకని చోటే వస్తుందనుకోవడం సగం నిజం. బతుకు మారాక కూడా కంచం మారకపోతే, చుట్టూ ఎంత పండినా అది వస్తుందన్నదే నా వాదన.

చచ్చి అయిదువందల ఏళ్లయినవాడికి ఏ జబ్బు ఉండేదో ఎముక ఎలా చెబుతుంది? విటమిన్ సి లేనిదే శరీరం కొల్లాజెన్‌ను గట్టిగా అల్లుకోలేదు. సన్నటి రక్తనాళాలు పెళుసెక్కి, నడిచినా నమిలినా చిట్లుతాయి. కాలి ఎముకను కప్పి ఉండే పొర కింద నెత్తురు చేరుతుంది. ఆ చోట కొత్త ఎముక పలచగా, సూదిమొనతో పొడిచినట్టు సన్నని బెజ్జాలతో, రెండు కాళ్ల మీదా ఒకేలా పేరుకుంటుంది. కణత లోపల, నమిలే కండరం కదిలే చోట కూడా ఇలాంటి బెజ్జాలే పడతాయి. స్మిత్సోనియన్ సంస్థలో పనిచేసిన డొనాల్డ్ ఆర్ట్‌నర్ 1990లలో పెరూ పిల్లల పుర్రెల్లో ఈ గుర్తును పట్టి, స్కర్వీని పోల్చుకునే దారి చూపించాడు. ఇందులో చిత్రమైన మెలిక ఒకటుంది. కొత్త ఎముక పేరుకోవాలన్నా ఎంతోకొంత విటమిన్ సి కావాలి. అంటే ఎముక మీద మచ్చ ఉన్నవాడు కాస్త తేరుకోవడం మొదలుపెట్టినవాడు. ఏమాత్రం అందక హఠాత్తుగా పోయినవాడి ఎముక శుభ్రంగానే కనిపించవచ్చు. అందుచేత ఆ 20ని నేను కనీస సంఖ్యగానే చూస్తాను. మచ్చలు ఎక్కువున్న శ్మశానమే ఎక్కువ జబ్బు చేసిన ఊరని తేల్చేయడం తప్పని జేమ్స్ వుడ్ బృందం 1992లోనే హెచ్చరించింది.

ఆక్షేపణలు ఉన్నాయి. ఆ ఊరిని కూల్చింది పందుల నుంచి సోకిన ఇన్‌ఫ్లుయెంజా అని వైద్య చరిత్రకారుడు ఫ్రాన్సిస్కో గెర్రా వాదించాడు. కావచ్చు. జ్వరం ఎముక మీద గుర్తు వదలదు కాబట్టి కాదనలేం. కానీ స్కర్వీతో గుల్లయిన ఒంటికి ఏ జ్వరమైనా యమపాశమే, రెండూ కలిసే ఉండొచ్చు. ఓడలోనే జబ్బు పడి దిగారేమో అన్నది రెండో మాట. కానరీ దీవులు దాటాక ఆ నౌకాదళం సముద్రం మీద ఉన్నది మూడు వారాలే. స్కర్వీ ముదరడానికి నెలలు పడుతుంది. ఇక మూడోది, గట్టిది: వాళ్లది మొండితనం కాదు, అచ్చమైన ఆకలి అన్నది. ఆకలి నిజమే. స్థానిక టైనోల పంటను గుంజుకుని, వాళ్లను పొలాల నుంచి తరిమేసింది కూడా ఈ వలసవాదులే. అయితే 1494 జనవరి 30న, ఊరు మొదలైన నెలలోనే, కొలంబస్ రాజదంపతులకు పంపిన విన్నపం చూడండి. జబ్బుకు కారణం నీరూ గాలీ పడకపోవడమని రాసి, రోగులకోసం ఎండుద్రాక్ష, చక్కెర, బాదం, తేనె, బియ్యం పంపమన్నాడు. ఈ అయిదింటిలో స్కర్వీని ఆపేది ఒక్కటీ లేదు! ఓడ వేళకు వచ్చినా ఫలితం అంతే. విటమిన్ అన్న ఊహే లేని కాలంలో అతన్ని తప్పుపట్టలేం. ఒంట్లో బాగాలేకపోతే మనసు ఇంటి తిండివైపే మొగ్గుతుంది, అంతే.

ఇది పాతకథ అనుకోవద్దు. 1960లలో గ్లాస్గోలో భారత, పాకిస్తానీ కుటుంబాల పిల్లల్లో రికెట్స్ బయటపడింది. ఇంట్లో వంట మారలేదు, మారింది ఎండ. అంత ఉత్తరాన శీతాకాలపు ఎండకు చర్మంలో విటమిన్ డి తయారవదు, మన చర్మపు ఛాయకు మరీ కష్టం. ఊళ్లో ఎండ చేసిపెట్టిన పనిని అక్కడ కంచం చేయాల్సి వచ్చింది. రికెట్స్‌తో వంగిన ఆ కాళ్ల ఎముకలు రేపటి తవ్వకందారుకు కూడా కనబడతాయి.

ఎముక మీద కనబడని లోపాలూ ఉన్నాయి, పైగా అవి మన సొంతం. ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా ప్రాంతంలో, బెరిబెరి ఎంతగా ఉండేదో మాల్కంసన్ అనే వైద్యుడు 1835లో మద్రాసులో అచ్చయిన గ్రంథంలో వివరించాడు. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాలు చాలావరకు తప్పించుకుంటే, తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినే మన తీరం దానికి చిక్కిందని తర్వాత తేలింది. వడ్లు ఉడకబెట్టినప్పుడు తవుడులోని థయమిన్, అంటే బెరిబెరిని ఆపే విటమిన్, గింజలోకి ఇంకుతుంది, పచ్చిబియ్యంలో అది తవుడుతో పాటే పోతుంది. ఆ జబ్బు నరాలను, గుండెను తింటుంది, ఎముకను ముట్టదు. కోస్తాలో ఏ పాత సమాధిలోనైనా నిండైన అస్థిపంజరం దొరికితే, లోపం లేని మనిషని రాసేముందు ఆ ఇంట్లో వడ్లు ఎలా దంచుకున్నారో కూడా కనుక్కోవాలి.