చేత్తో తిప్పే చిన్న లెన్సు

 

మిర్రర్‌లెస్ కెమెరాకు ఏ లెన్సు కొనాలని నంద్యాల మిత్రులు అడుగుతుంటారు. మాన్యువల్ ఫోకస్ ఉన్న చిన్న లెన్సు ఒకటి కొనమంటాను. ఆళ్లగడ్డ శిల్పి ఎదుట పెద్ద లెన్సు పెడితే ఉలి ఆపి మనవైపు చూస్తాడు. చిన్నదైతే తన పనిలో తానుంటాడు. ఉలి మొన మీద ముందే ఫోకస్ పెట్టుకుని, సుత్తి దెబ్బ కోసం కాచుకోవచ్చు.

లోపల అద్దం లేదు గనుక ఈ కెమెరాల్లో లెన్సుకూ సెన్సారుకూ దూరం తక్కువ. సోనీలో 18 మిల్లీమీటర్లే. పాత ఎం42 లెన్సుకు 45.46 కావాలి. ఆ తేడాను అడాప్టరు పూడుస్తుంది.

సోవియట్ హీలియోస్ 44-2 (58 మి.మీ., ఎఫ్/2) మనిషి వెనకున్న ఆకులను సుడిలా తిప్పుతుంది. ఫుల్ ఫ్రేమ్‌లో అది బాగా తెలుస్తుంది. ముఖాలకు అందం. ఇండస్టార్ 50-2 (50 మి.మీ., ఎఫ్/3.5) అంతకంటే చాలా చిన్నది. ఎఫ్/8లో అహోబిలం స్తంభాల చెక్కడానికి చాలు. లెన్సు గుణమని మనం మెచ్చుకునేది చాలాసార్లు దాని లోపమే. మన బొమ్మకు కలిసొచ్చే లోపాన్ని ఎంచుకోవాలి.

పాతది కొనేముందు టార్చి వేసి గాజులో ఫంగస్ ఉందేమో, అపర్చర్ రేకులకు నూనె అంటిందేమో చూడండి. ఫోకస్ రింగు తిప్పి చూడండి.

రాతికోతకు యంత్రాలొచ్చాయి. ఉలి పట్టే చేతులు మన ఊళ్లలో ఉండగానే వాటిని ఫోటో తీసి దాచుదాం. మన బడి పిల్లలు రేపు చూస్తారు.

సెలవు.