ఉదయం టిఫిన్ మానేస్తే...

టిఫిన్ మానేస్తే బరువు పెరుగుతారని చాలామంది నమ్ముతారు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన 13 ప్రయోగాల సమీక్షలో ఉదయం తిన్నవారే రోజుకు సుమారు 260 కెలోరీలు ఎక్కువ తీసుకున్నారు. అవి స్వల్పకాలిక ప్రయోగాలే అనుకోండి.

రాత్రంతా కాలేయం తనలోని గ్లైకోజెన్‌ను గ్లూకోజ్‌గా మార్చి రక్తానికి అందిస్తుంది. అందుకే ఆరోగ్యవంతులైన పెద్దలు మధ్యాహ్నం దాకా తినకపోయినా మామూలుగా ఇబ్బంది ఉండదు.

షుగర్ రోగుల సంగతి వేరు. గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్ర వేసుకుని, శనివారం ఒక్కపొద్దని టిఫిన్ మానేసేవారున్నారు. కడుపు ఖాళీగా ఉన్నా ఆ మాత్ర క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. రక్తంలో గ్లూకోజ్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. స్పృహ కూడా తప్పవచ్చు. ఇంట్లోవాళ్లేమో ఉపవాస నీరసమనుకుంటారు! వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.