దూరం ఎవరి లెక్కలో?

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల మహిళా కార్యకర్తలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన దగ్గరికి వచ్చే ఉద్యోగినులు, కూలి చేసుకునే స్త్రీలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "రోజూ పోయి రావడమా, పని దగ్గరే గది తీసుకుని ఉండిపోవడమా?" కుప్పంలో తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కే అమ్మాయి అడుగుతుంది. పుంగనూరు నుంచి మదనపల్లె ఆసుపత్రికి బస్సులో పోయే నర్సమ్మ అడుగుతుంది. మదనపల్లెలో కాపురముండి ఎక్కడో కొండ కింద పల్లెలో బడికి పోయే పంతులమ్మ అడుగుతుంది. ఇది ఆమె సొంత విషయమనీ, ఇంట్లో వాళ్ళతో మాట్లాడుకుని తేల్చుకోవాలనీ చాలామంది అంటారు. నేను చెప్పదలచుకున్నది దీనికి భిన్నమైన మాట. ఈ ప్రశ్నను ఆమె ఇంటి గడప లోపలే వదిలేసినంత కాలం జవాబు ఏదైనా నష్టపోయేది ఆమే. ఇది హక్కుల ప్రశ్న.

ముందు మన ప్రాంతం సంగతి చూద్దాం. ఒకప్పటి చిత్తూరు జిల్లా పడమటి తాలూకాలివి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఒకే జాతీయ రహదారి మీద ఉన్నాయి. 42వ నంబరు రోడ్డది. కానీ ఒకే రోడ్డు మీద ఉన్నంత మాత్రాన ఈ ఊళ్ళ స్త్రీలకు దూరం ఒకటే కాదు. కుప్పానికి చెన్నై - బెంగళూరు రైలు మార్గం ఉంది. కనుక కుప్పం మనిషి బంగారుపేట, మాలూరు, వైట్‌ఫీల్డు మీదుగా బెంగళూరు పోయి రాత్రికి తిరిగి రాగలదు. పుంగనూరుకు రైలే లేదు. మదనపల్లె పేరుతో స్టేషనున్నా అది ఊరికి ఎంతో ఎడంగా, పాకాల - ధర్మవరం మార్గంలో ఉంది. రోజూ పనికి పోయేవాళ్ళకు అది అక్కరకు రాదు. మదనపల్లె నుంచి బెంగళూరు పనికి పోవాలంటే చింతామణి మీదుగా బస్సే గతి. రోజూ పోయి రావడం అయ్యే పని కాదు కాబట్టి అక్కడివాళ్ళు బెంగళూరులో ఉండిపోతారు, పండక్కి వస్తారు. అంటే కుప్పం స్త్రీ పోయి రావడం, మదనపల్లె స్త్రీ ఉండిపోవడం వాళ్ళ ఇష్టాయిష్టాల వల్ల జరిగినవి కావు. పట్టాలు ఎటు వేశారన్న దాన్ని బట్టి జరిగినవి.

ఇలాంటిదే మన పొరుగున కోలారు బంగారు గనుల్లో జరిగింది. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. ఆ ఊళ్ళో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ తరతరాలుగా ఉన్నారు. ఊళ్ళో పని పోయింది, ఇళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి. బెంగళూరులో అద్దె కట్టే శక్తి లేదు. అప్పటినుంచి మారికుప్పం రైలే వేలమందికి కూటికి దారి అయింది. ఊరిలో పని లేకుండా చేసినవాళ్ళు ఎవరో, రైల్లో నిలబడి ప్రయాణం చేసేది ఎవరో గమనించండి.

ఇక గంటల లెక్క వేద్దాం. కుప్పం నుంచి బెంగళూరు మెమూ రైల్లో రెండు గంటల పైమాటే. ఇంటి నుంచి స్టేషనుకు, అక్కడ దిగి పని చోటుకు పట్టే సమయం కూడా కలిపి, రాకపోకలకు రోజుకు ఐదు గంటలు అనుకుందాం. నెలకు ఇరవై ఐదు రోజుల పని. మొత్తం నూట ఇరవై ఐదు గంటలు. ఎనిమిది గంటలకు ఒక డ్యూటీ అనుకుంటే పదిహేను డ్యూటీలకు మించి అవుతుంది. ఆమె జీతం పుస్తకంలో ఈ పదిహేను డ్యూటీలు కనిపించవు.

ఇంటి చాకిరీ కూడా కలపండి. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. పనిచోట ఎనిమిది గంటలు, భోజనం విరామం ఒక గంట, దారిలో ఐదు గంటలు. ఇంటికొచ్చి ఆ సగటు మేరకు చాకిరీ చేస్తే మొత్తం దాదాపు పంతొమ్మిది గంటలు అయింది. మిగిలిన ఐదు గంటల్లో ఆమె నిద్రపోవాలి, స్నానం చేయాలి, బిడ్డకు జ్వరమొస్తే లేచి కూర్చోవాలి. అదే రైల్లో వచ్చిన మగవాడు కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చుంటాడు. రైలు ఇద్దరికీ ఒకటే, దూరం మాత్రం ఒకటి కాదు.

ఇందులో లెక్కకే రాని స్త్రీలు ఇంకొందరున్నారు. ఇంటి నుంచి పనికి ఎంత దూరం పోతున్నారని 2011 జనాభా లెక్కల్లో అడిగారు. కానీ ఆ ప్రశ్న వ్యవసాయం, ఇంటి పరిశ్రమల్లో ఉన్నవాళ్ళను వదిలేసి మిగతా పనివాళ్ళకే వేశారు. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశమంతా ఎరిగినది. ఆ టమోటా కోయడానికి ఊరూరి నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో కిక్కిరిసి పోయే కూలి స్త్రీల ప్రయాణం ఆ లెక్కలో లేదు. ఆటో బోల్తా పడిన రోజు మాత్రం పత్రికలో వాళ్ళ సంఖ్య కనిపిస్తుంది.

ఉచిత బస్సు వచ్చింది కదా అంటారు. వచ్చింది, మంచిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేదు. పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే నర్సమ్మకు నెలనెలా ఆ చార్జీ మిగులుతుంది. భర్తను అడగకుండా బస్సెక్కే ధైర్యం కూడా వస్తుంది. అయితే రాష్ట్రం దాటే బస్సులకు ఈ పథకం వర్తించదు. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి ఇలాంటి పథకమే నడుస్తోంది కానీ అది ఆ రాష్ట్ర స్త్రీలకే. కనుక చింతామణికో, బెంగళూరుకో పోయే మన మనిషి రెండు రాష్ట్రాల పథకాల మధ్య నిలబడి పూర్తి చార్జీ కడుతుంది. సరిహద్దు ప్రాంతంలో బతికేవాళ్ళకు పని ఒక రాష్ట్రంలో, ఓటు ఒక రాష్ట్రంలో. వాళ్ళ తరఫున రెండు ప్రభుత్వాలతోనూ మాట్లాడేది ఎవరు? ఇంకో మాట. టికెట్టు తీసేస్తే డబ్బు మిగులుతుంది, గంటలు మిగలవు. సాయంత్రం ఏడు తర్వాత బస్సే లేని పల్లెకు ఉచిత బస్సు వల్ల ఏం లాభం?

సరే, పోయి రావడం ఇంత కష్టమైతే అక్కడే ఉండిపోవచ్చు కదా? అదీ చూద్దాం. ఒంటరిగా గది అడగబోయిన స్త్రీని ఇంటి యజమాని ముందు కులం అడుగుతాడు, తర్వాత మొగుడెక్కడని అడుగుతాడు, ఆ తర్వాతే అద్దె చెబుతాడు. దళిత, ముస్లిం స్త్రీలకు చాలాచోట్ల అద్దె మాట దాకా రానే రాదు. గది దొరికినా ఊళ్ళో మాటలు మొదలవుతాయి. ఉద్యోగం కోసం వేరే ఊళ్ళో ఉండే భర్తను కష్టపడి సంపాదిస్తున్నాడంటారు. అదే పని భార్య చేస్తే సంసారం వదిలేసిందంటారు.

పనిచేసే స్త్రీలకు హాస్టళ్ళు కట్టే పథకం కేంద్రంలో 1972-73 నుంచీ ఉంది. ఇప్పుడు దాన్ని సఖీ నివాస్ అంటున్నారు. బిడ్డల సంరక్షణ కేంద్రం కూడా అందులో భాగమే. యాభై ఏళ్ళు దాటిన పథకం ఇది. మన ఊళ్ళలో ఉద్యోగానికి వచ్చిన స్త్రీ గది వెతుక్కునేటప్పుడు ఆమెకు ఈ పథకం పేరు చెప్పేవాళ్ళే అరుదు. నర్సులు, టీచర్లు, కాలేజీ సిబ్బంది ఇంతమంది ఉన్నచోట అలాంటి హాస్టలు అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

బిడ్డ ఉన్న తల్లికి ఈ ప్రశ్న ఇంకా కఠినమైనది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, యాభై మందికి మించకపోయినా సరే, యాభై మంది ఉన్న ప్రతి సంస్థా శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చు. మంచి చట్టం. కానీ రెండు గంటలు రైల్లో వచ్చే తల్లి పసిబిడ్డను ఆ రద్దీలో ఎలా తెస్తుంది? పని దగ్గర ఉయ్యాల కట్టారు, బిడ్డేమో కుప్పంలో అమ్మమ్మ ఒళ్ళో ఉంది. ఆ అమ్మమ్మ చాకిరీకి కూడా కూలి లేదు. ఒక స్త్రీ ఉద్యోగం చేయాలంటే ఇంకో స్త్రీ ఉచితంగా పనిచేయాలన్నదే మన కుటుంబ వ్యవస్థ ఏర్పాటు.

కనుక ఉండిపోవడం మేలా, పోయి రావడం మేలా అంటే నేను ఏదో ఒకటి చెప్పను. ఇంట్లో హింస ఉన్న స్త్రీకి పని దగ్గర గది ప్రాణరక్షణ కావచ్చు. ఊళ్ళో తల్లి, చెల్లి తోడున్న స్త్రీకి రోజూ ఇంటికి చేరడమే బలం కావచ్చు. మనం ఆమె తరఫున తీర్పు చెప్పకూడదు, ఆమెతో కూర్చుని లెక్క వేయాలి. అప్పుడు నాలుగు సంగతులు అడగండి. దారిలో పోయే గంటలెన్ని, ఆ గంటలు దేనిలోంచి తగ్గుతున్నాయి? చార్జీకీ అద్దెకూ తేడా ఎంత? జీతం ఎవరి చేతికి వస్తోంది, బ్యాంకు కార్డు ఎవరి దగ్గరుంది? రాత్రి ఆలస్యమైతే, ఒంట్లో బాగాలేకపోతే పిలిస్తే పలికే మనిషి ఎక్కడున్నారు? ఈ నాలుగూ తేలితే ఆమె నిర్ణయం ఆమే చేసుకోగలదు. మూడో ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆమె తటపటాయిస్తే, అసలు సమస్య దూరంలో లేదని మనకు అర్థం కావాలి.

చట్టం ఇచ్చిన కొన్ని ఆధారాలు కూడా మనవాళ్ళకు తెలియాలి. పనికి పోయే దారిలో, పని నుంచి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే చూడాలని ఇఎస్ఐ చట్టంలో 2010లో చేర్చారు. ఇఎస్ఐ లేనివాళ్ళ సంగతేమిటన్న తగాదా చాలాకాలం నడిచింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు 2003లో డ్యూటీకి పోతూ దారిలో చనిపోయాడు. పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2025 జూలై 29న తీర్పు చెప్పింది. ఆ కుటుంబం ఇరవై రెండేళ్ళు ఎదురుచూసింది. అదే ఏడాది నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఈ నియమం ఉంది. అయితే ప్రమాదం జరిగిన వేళకూ, చోటుకూ, పనికీ సంబంధం చూపించాలి. అందుకే రైలు పాసు, డ్యూటీ వేళల కాగితం, హాజరు రుజువు భద్రంగా పెట్టుకోమని ప్రతి మనిషికీ చెప్పండి.

లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా 2013లో వచ్చిన చట్టం ప్రకారం, యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిచోటే. కంపెనీ వ్యానులో జరిగిన వేధింపు మీద కంపెనీ కమిటీకే ఫిర్యాదు ఇవ్వచ్చు. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట పనిచేసేవాళ్ళకు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. ఇక ప్రతి ప్యాసింజరు రైల్లో స్త్రీలకు కొంత స్థలం కేటాయించాలన్నది 1989 రైల్వే చట్టంలోనే ఉంది. అందులోకి చొరబడిన మగవాడిది నేరం.

పని గంటల చర్చలోకి కూడా దారి గంటలను తీసుకురావాలి. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలని నిర్ణయించింది. ఒక్క గంటే కదా అన్నారు. దగ్గర ఉన్నవాళ్ళకు అది ఒక్క గంటే. సాయంత్రం రైలు పట్టుకోవాల్సిన స్త్రీకి ఆ గంటతో రైలే పోతుంది. తర్వాతి బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలి, లేదా ఉద్యోగమే మానుకోవాలి. ఆమె మానేస్తే "ఆడవాళ్ళు నిలకడగా పనిచేయరు" అని రాసుకుంటారు.

అడిగితే రావా అంటే వస్తాయి. బొంబాయిలో 1992 మే 5న చర్చిగేట్ - బొరివిలి మధ్య పూర్తిగా స్త్రీలకే ఒక రైలు నడిపారు. స్త్రీల ప్రయాణం పనిలో భాగమని అంతమాత్రమైనా ఒప్పుకున్నట్టే కదా. మనమూ అడుగుదాం. షిఫ్టు వేళలకు సరిపోయే రైలు, బస్సు కావాలి. రాత్రి చివరి బస్సు పల్లె దాకా రావాలి. స్టేషనులో, బస్టాండులో వెలుతురు, నీళ్ళున్న మరుగుదొడ్డి కావాలి. మూడు ఊళ్ళలోనూ పనిచేసే స్త్రీల హాస్టళ్ళు కావాలి. సరిహద్దు మండలాల స్త్రీలకు రెండు రాష్ట్రాల బస్సుల్లోనూ ఉచిత ప్రయాణం కావాలి. పల్లెలో ఉండి పనిచేయాలని టీచర్లకు, నర్సులకు చెప్పే ప్రభుత్వం ముందు ఆ పల్లెలో తలుపు, గడియ సరిగా ఉన్న ఇల్లు చూపించాలి.

వచ్చే మూడు నెలల్లో ఒక పని చేద్దాం. ప్రతి సంఘం తన ఊళ్ళో రోజూ పోయి వచ్చే స్త్రీల వివరాలు రాయాలి. ఎన్నింటికి లేస్తారు, ఎన్నింటికి ఇల్లు చేరతారు, ఏ బండి, ఎంత ఖర్చు, ఎందుకు ఉండిపోలేకపోతున్నారు, ఉండిపోయినవాళ్ళు ఎందుకు తిరిగి రాలేకపోతున్నారు. టమోటా కోతకు పోయే కూలి స్త్రీలను ఇందులో తప్పకుండా చేర్చాలి. ఆ కాగితాలు చేతిలో పట్టుకుని డిపో మేనేజరు దగ్గరికీ, స్టేషను మాస్టరు దగ్గరికీ, కలెక్టరు దగ్గరికీ పోదాం. ప్రభుత్వం లెక్కించని గంటలను ముందు మనం లెక్కించాలి.