మహోమ్స్ ముందు నిలబడే ఐదుగురు: చీఫ్స్ తమ ఆఫెన్సివ్ లైన్‌ని ఎలా మళ్ళీ కట్టుకున్నారు

పోయిన ఎపిసోడ్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ రూల్స్ మాట్లాడుకున్నాం కదా. దాని కింద కామెంట్స్‌లో ఎక్కువమంది అడిగింది ఒకటే. "బ్రో, ఆ ముందు వరసలో వంగి నిలబడే భారీ మనుషులు ఏం చేస్తారు? వాళ్ళకి బంతి కూడా ఇవ్వరు కదా?"

ఈ రోజు వాళ్ళ గురించే. కాన్సాస్ సిటీ చీఫ్స్ అనే టీమ్ ఒక్క ఓటమి తర్వాత ఆ ఐదుగురినీ మార్చేసింది. ఒకరిద్దరిని కాదండీ, ఐదుగురినీ. అది ఎందుకు చేశారు, ఎలా చేశారు, ఎంత ఖర్చయింది, చివరికి ఏమైంది, అన్నీ చూద్దాం.

ముందు బేసిక్స్, ఒక్క నిమిషం. తెలిసినవాళ్ళు ఫార్వర్డ్ చేసుకోండి. మధ్యలో సెంటర్. బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి ఇచ్చేది ఇతనే. అతనికి అటొకడు ఇటొకడు గార్డ్‌లు. చివర్లలో ఇద్దరు టాకిల్స్. ఒక్కొక్కడు 300 పౌండ్ల పైమాటే, అంటే 136 కిలోలు. వీళ్ళ వెనక క్వార్టర్‌బ్యాక్ నిలబడి బంతి ఎవరికి విసరాలో చూసుకుంటాడు. దానికి అతనికి దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. ఆ సెకన్లు తెచ్చిపెట్టడమే ఈ ఐదుగురి ఉద్యోగం. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ విసరడానికి తిరిగితే అతని వీపు ఎడమవైపుకి పడుతుంది. అటునుంచి ఎవడొస్తున్నాడో కనపడదు. అందుకే లెఫ్ట్ టాకిల్ అనే వాడికి అంత రేటు.

ఇప్పుడు కథలోకి వద్దాం.

2021 ఫిబ్రవరి 7. సూపర్ బౌల్. మనకి సోమవారం తెల్లవారుజామున 5 గంటలకి మొదలవుతుంది. ఒకవైపు చీఫ్స్, ముందటేడు చాంపియన్లు. క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్. అప్పటికి ఏడు నెలల కిందటే 10 ఏళ్ళ ఎక్స్‌టెన్షన్, 450 మిలియన్ డాలర్ల విలువైన కాంట్రాక్ట్ సంతకం చేశాడు. ఎదురుగా టామ్ బ్రేడీ ఉన్న టాంపా బే బకనీర్స్. స్కోరు 31-9. చీఫ్స్‌కి ఒక్క టచ్‌డౌన్ కూడా రాలేదు. ఆ 9 పాయింట్లూ మూడు ఫీల్డ్ గోల్స్ వల్ల వచ్చినవే.

ఆ మ్యాచ్‌లో మహోమ్స్ మీద 29 సార్లు ప్రెషర్ వచ్చింది. సూపర్ బౌల్ చరిత్రలో అంత ఎప్పుడూ లేదు. బంతి విసిరేలోపు, లేదా పడిపోయేలోపు, అతను అటూ ఇటూ పరిగెత్తిన దూరం కలిపితే దాదాపు 500 గజాలు. అది కూడా కాలి బొటనవేలి గాయంతో. మ్యాచ్ అయిన మూడు రోజులకే ఆ కాలికి సర్జరీ చేయించుకున్నాడు.

అసలు విషయం ఏంటంటే, టాంపా వాళ్ళు పెద్దగా ఎక్స్‌ట్రా మనుషుల్ని పంపలేదు. ఆ సీజన్‌లోనే ముందు ఒకసారి ఇదే టాంపా మీద టైరీక్ హిల్ 269 గజాలు కొట్టాడు. అది గుర్తుపెట్టుకున్న వాళ్ళ డిఫెన్స్ కోచ్ టాడ్ బౌల్స్, ఇద్దరు సేఫ్టీలని బాగా వెనక పెట్టాడు. ముందు నలుగురితోనే సరిపెట్టాడు. ఆ నలుగురినే ఐదుగురు ఆపలేకపోయారు.

ఎందుకు? ఎందుకంటే ఆ ఐదుగురు అసలు ఐదుగురు కాదు.

రైట్ టాకిల్ మిచెల్ ష్వార్ట్జ్ వెన్ను గాయంతో అక్టోబర్ నుంచీ బయటే. గార్డ్ లారెంట్ డువెర్నే-టార్డిఫ్, ఇతని కథ వేరే ఎపిసోడ్ చెయ్యాలి నిజంగా. మెడిసిన్ చదివిన డాక్టర్. కోవిడ్ రాగానే ఆ సీజన్ మానేసి మాంట్రియల్‌లో వృద్ధుల కేర్ సెంటర్‌లో పనిచేయడానికి వెళ్ళిపోయాడు. ఇక సూపర్ బౌల్‌కి ముందు మ్యాచ్‌లో, బఫెలో మీద, లెఫ్ట్ టాకిల్ ఎరిక్ ఫిషర్‌కి మడమ వెనక అకిలీస్ నరం తెగింది. 2013 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన ఆటగాడు ఈ ఫిషర్.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. తప్పుకున్నది ఫిషర్ ఒక్కడే. కానీ అతని చోటు నింపడానికి కుడివైపు ఆడుతున్న మైక్ రెమర్స్ ఎడమకి వెళ్ళాడు. రెమర్స్ చోటుకి గార్డ్ ఆండ్రూ వైలీ వెళ్ళాడు. వైలీ చోటుకి బెంచ్ మీదున్న స్టెఫెన్ విస్నియెస్కి వచ్చాడు. ఒక గాయం, మూడు పొజిషన్లు మారాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం ఒక లైబ్రరీ వెర్షన్ మారిస్తే ఏమేం పగులుతాయో మీకు తెలుసు.

కబడ్డీలో డిఫెండర్లు చేతులు పట్టుకుని గొలుసు కడతారు చూడండి. తెలివైన రైడర్ అందులో ఎవడు బలవంతుడా అని చూడడు. ఎవరిద్దరి మధ్య పట్టు సడలిందా అని చూస్తాడు. ఇక్కడా అంతే. డిఫెన్స్‌లో ఇద్దరు ముందుకొస్తూ వస్తూ ఒకడి వెనక నుంచి ఒకడు అడ్డంగా చోటు మార్చుకుంటారు. దీన్ని స్టంట్ అంటారు. అప్పుడు గార్డూ టాకిలూ "వీడు నీకు, వాడు నాకు" అని మార్చుకోవాలి. నోటితో చెప్పుకునే టైమ్ ఉండదు. పక్కవాడి భుజం కదిలిన తీరుని బట్టే తెలిసిపోవాలి. రెండు వారాల కిందట పక్కన నిలబడ్డవాడితో అది కుదరదు.

సరే, ఓడిపోయారు. గాయాలు కాబట్టి "వచ్చే ఏడాది అందరూ కోలుకుంటారులే" అని ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. మార్చి 11న, అంటే సూపర్ బౌల్ అయిన 32 రోజులకి, ఫిషర్‌నీ ష్వార్ట్జ్‌నీ ఇద్దరినీ ఒకే రోజు తీసేశారు. ఏడాది కిందట కప్పు గెలిపించిన ఇద్దరు టాకిల్స్. ఒకడు అకిలీస్ తెగి ఇంకా నడవడం నేర్చుకుంటున్నాడు, ఇంకొకడు వెన్ను ఆపరేషన్ అయి ఉన్నాడు. చదువుతుంటే నాకు లేఆఫ్ మెయిల్స్ గుర్తొచ్చాయి. బిజినెస్ లెక్కలో అది కరెక్టే. అయినా కప్పు తెచ్చినవాళ్ళని మంచాన ఉండగా పంపించడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

లెక్క ఏంటంటే, శాలరీ క్యాప్. ఒక టీమ్ జీతాలకి ఇంతే ఖర్చు పెట్టాలి అని ఎన్‌ఎఫ్‌ఎల్ ఒక గీత గీస్తుంది. మామూలుగా అది ఏటా పెరుగుతుంది. కోవిడ్ వల్ల స్టేడియాలు ఖాళీ అయ్యాయి కాబట్టి 2021లో అది 198.2 మిలియన్ డాలర్ల నుంచి 182.5కి పడిపోయింది. అంటే రిపేర్ చేయాల్సిన ఏడాదే చేతిలో డబ్బు తగ్గింది.

జనరల్ మేనేజర్ బ్రెట్ వీచ్ ముందుగా గార్డ్ జో టూనీని తెచ్చాడు. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌తో రెండు సూపర్ బౌల్స్ గెలిచినవాడు. 5 ఏళ్ళకి 80 మిలియన్లు. తర్వాత లీగ్‌లోనే బెస్ట్ లెఫ్ట్ టాకిల్ అనుకునే ట్రెంట్ విలియమ్స్ కోసం ప్రయత్నించారు. అతను శాన్ ఫ్రాన్సిస్కోలోనే ఉండిపోయాడు. రిటైర్ అయిన కైల్ లాంగ్‌ని కూడా వెనక్కి పిలిపించారు. పాపం, జూన్‌లో మోకాలి గాయం, చీఫ్స్‌కి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఏప్రిల్ వచ్చేసింది, లెఫ్ట్ టాకిల్ ఇంకా లేడు. డ్రాఫ్ట్‌కి ఆరు రోజుల ముందు బాల్టిమోర్ రేవెన్స్ నుంచి ఓర్లాండో బ్రౌన్ జూనియర్‌ని ట్రేడ్‌లో తీసుకున్నారు. ఇతని తండ్రి కూడా అదే టీమ్‌కి టాకిల్‌గా ఆడాడు, 2011లో చనిపోయాడు. కొడుకు లెఫ్ట్ టాకిల్ కావాలన్నది ఆ తండ్రి కోరిక. రేవెన్స్‌లో ఎడమవైపు అప్పటికే రోనీ స్టాన్లీ ఉన్నాడు, అందుకే ఇతను బయటికి వస్తానన్నాడు. చీఫ్స్ ఇచ్చింది తమ ఫస్ట్ రౌండ్ పిక్, ఇంకొన్ని కింది పిక్స్. వెనక్కి వచ్చిన వాటిలో ఒకటి 58వ పిక్. దాంతో లైన్‌బ్యాకర్ నిక్ బోల్టన్‌ని తీసుకున్నారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఇక్కడివరకు డబ్బు, ట్రేడ్‌లు. మిగతా జనం ఎక్కువగా మాట్లాడేది కూడా వీటి గురించే. నాకైతే అసలు పని డ్రాఫ్ట్‌లో జరిగిందనిపిస్తుంది. 63వ పిక్‌తో ఓక్లహోమా నుంచి సెంటర్ క్రీడ్ హంఫ్రీ. ఎడమచేత్తో స్నాప్ చేస్తాడు, అది చాలా అరుదు. ఇక 226వ పిక్, ఆరో రౌండ్. టెనెసీ యూనివర్సిటీ గార్డ్ ట్రే స్మిత్. స్కూల్ రోజుల్లో దేశంలోనే పెద్ద పేరున్న కుర్రాడు. 2018లో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టాయి. మళ్ళీ ఆడినా, టీమ్‌లన్నీ మెడికల్ రిపోర్ట్ చూసి పక్కకి జరిగాయి. 225 మంది పేర్లు పిలిచేదాకా ఇతని పేరు రాలేదు.

సెప్టెంబర్‌లో క్లీవ్‌లాండ్ మీద మొదటి మ్యాచ్. ఎడమ నుంచి కుడికి చెప్తాను: బ్రౌన్, టూనీ, హంఫ్రీ, స్మిత్, లూకస్ నియాంగ్. సూపర్ బౌల్‌లో ఆడిన ఐదుగురిలో ఒక్కడూ లేడు. ఇద్దరు రూకీలు. నియాంగ్ కూడా కోవిడ్ వల్ల ముందు సీజన్ మానేసినవాడే, అతనికీ అదే మొదటి మ్యాచ్. డాక్టర్ గారు తిరిగి వచ్చారు కానీ చెయ్యి విరిగింది, తన చోటు ట్రే స్మిత్‌కి పోయింది. నవంబర్‌లో జెట్స్‌కి పంపేశారు.

వెంటనే అంతా బాగైపోయిందా అంటే, లేదు. మొదటి ఏడు మ్యాచుల్లో 3 గెలుపులు, 4 ఓటములు. లైన్ కోచ్ ఆండీ హెక్, హెడ్ కోచ్ ఆండీ రీడ్ ఆ ఐదుగురిని మాత్రం కదిలించలేదు, గాయమైతే తప్ప. ఆ సీజన్ సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లో 21-3 ఆధిక్యంలోంచి సిన్సినాటి చేతిలో ఓడిపోయారు కూడా.

సిన్సినాటి అన్నాను కాబట్టి ఒక మాట. వాళ్ళు అదే ఏడాది సూపర్ బౌల్‌లో ఓడిపోయారు, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జో బర్రోని 7 సార్లు పడేశారు. వాళ్ళూ వేసవిలో ముగ్గురు లైన్‌మెన్‌ని కొన్నారు. మంచి పనే. కానీ తర్వాతి జనవరికి లైన్‌లో ముగ్గురికి గాయాలు. చీఫ్స్ చేతిలో 23-20తో ఓటమి, బర్రో మళ్ళీ 5 సార్లు కింద. లైన్ కట్టడంలో అదృష్టం వాటా కూడా ఉంటుంది. అది ఏ జనరల్ మేనేజరూ ప్రెస్ మీట్‌లో చెప్పడు.

2023 ఫిబ్రవరి 12. మళ్ళీ సూపర్ బౌల్. ఎదురుగా ఫిలడెల్ఫియా ఈగల్స్. ఆ రెగ్యులర్ సీజన్‌లో వాళ్ళు 70 సార్లు క్వార్టర్‌బ్యాక్‌లని పడేశారు, లీగ్ చరిత్రలోనే అతి ఎక్కువ నంబర్లలో ఒకటి. ఇటు మహోమ్స్‌కి చీలమండ బెణికి ఉంది, రెండో క్వార్టర్‌లో అది మళ్ళీ మెలిపడింది. పరిగెత్తి తప్పించుకునే దారి దాదాపు లేదు. బ్రౌన్, టూనీ, హంఫ్రీ, స్మిత్. ఐదోవాడు ఎవరో తెలుసా? ఆండ్రూ వైలీ. రెండేళ్ళ కిందట టాంపా చేతిలో నలిగిపోయిన అదే వైలీ, అదే రైట్ టాకిల్ చోటులో.

ఆ రోజు మహోమ్స్‌ని ఎన్నిసార్లు పడేశారంటే, సున్నా. 38-35, చీఫ్స్ గెలుపు. అందులో ఒక టచ్‌డౌన్ ఆ 58వ పిక్ నిక్ బోల్టన్ కొట్టింది. బంతి ఈగల్స్ చేతిలోంచి జారితే ఎత్తుకుని పరిగెత్తాడు.

వైలీలాగే ఇంకొకడున్నాడు, నిక్ అలెగ్రెట్టి. టాంపా రోజు లెఫ్ట్ గార్డ్. తర్వాత బెంచ్. 2024 సూపర్ బౌల్‌కి టూనీకి గాయమైతే ఇతన్ని దింపారు. మ్యాచ్ మధ్యలో మోచేతి లిగమెంట్ తెగింది. అలాగే ఆడాడు, ఓవర్‌టైమ్ దాకా. శాన్ ఫ్రాన్సిస్కో మీద 25-22 గెలుపు. ఆ మ్యాచ్ హైలైట్స్ వీడియోల్లో ఇతని మొహం దొరుకుతుందేమో వెతకండి, నాకు ఒక్క షాట్ కూడా సరిగ్గా దొరకలేదు.

ఇక్కడ ఆపేస్తే సినిమా క్లైమాక్స్‌లా ఉంటుంది. కానీ బ్రౌన్‌తో కాంట్రాక్ట్ కుదరలేదు, 2023లో అతను ఎక్కడికి వెళ్ళాడో తెలుసా, సిన్సినాటికే. ఆ ఎడమ చోటు అప్పటినుంచి కుదురుకోలేదు. 2024లో రూకీ కింగ్స్‌లీ సువామటాయాతో మొదలుపెట్టి, రెండో మ్యాచ్‌లోనే పక్కన పెట్టి, ఇంకొకరు, ఇంకొకరు, చివరికి గార్డ్ టూనీనే టాకిల్‌కి జరిపారు. మళ్ళీ అదే పని. ఒక చిల్లు పూడ్చడానికి రెండు చోట్లు కదిలించారు. 2025 ఫిబ్రవరి 9న అదే ఈగల్స్ బ్లిట్జ్ చేయకుండా ముందు నలుగురితోనే వచ్చారు. మహోమ్స్ 6 సార్లు పడ్డాడు. హాఫ్‌టైమ్‌కి 24-0, ఆఖరికి 40-22.

తర్వాత నెలకే టూనీని చికాగో బేర్స్‌కి ఇచ్చేశారు, ఒక నాలుగో రౌండ్ పిక్ కోసం. హంఫ్రీకి అప్పటికే 4 ఏళ్ళకి 72 మిలియన్లు. ఆ జూలైలో ట్రే స్మిత్‌కి 4 ఏళ్ళకి 94 మిలియన్లు. అవును, 225 మంది తర్వాత పిలిచిన ఆ ట్రే స్మిత్‌కే. లెఫ్ట్ టాకిల్ కోసం డ్రాఫ్ట్‌లో 32వ పిక్‌తో ఒహాయో స్టేట్ కుర్రాడు జాష్ సిమన్స్‌ని తీసుకున్నారు. ఇంత కిందికి ఎందుకు దొరికాడంటే, కాలేజీ ఆఖరి సీజన్ మధ్యలో మోకాలు పోయింది, టీమ్‌లన్నీ మెడికల్ రిపోర్ట్ చూసి పక్కకి జరిగాయి.

ఓవర్‌ల్యాండ్ పార్క్ నుంచి చూసే మన తెలుగు సబ్‌స్క్రైబర్స్ కొంతమంది ఉన్నారు, చీఫ్స్ మీ ఊరి టీమే కాబట్టి కింద కామెంట్‌లో చెప్పండి: టూనీని పంపడం కరెక్టా, కాదా? వచ్చే ఎపిసోడ్‌లో శాలరీ క్యాప్ లెక్కలు విడిగా, ఎక్సెల్ షీట్‌తో. బై.