చిలుకకూ నామినీ కావాలి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఇంట్లో ఉన్నది ఆఫ్రికన్ గ్రే చిలుక. ఒళ్ళంతా బూడిదరంగు, తోక ఎరుపు. దానికిప్పుడు 9 ఏళ్ళు. బాగా చూసుకుంటే 40, 50 ఏళ్ళు బతికే జాతి. నాకు 68. లెక్క మీరే వేసుకోండి.

పొద్దుతిరుగుడు గింజలు ఒక్కటే పెడితే కాల్షియం తగ్గి ఫిట్స్ వస్తాయి. అందుకని ఆకుకూరలు, క్యారెట్, ఉడికించిన శనగలు పెడతాం. చాక్లెట్, అవకాడో దానికి విషం. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకు నిమిషాల్లో ప్రాణం పోతుంది. మా ఆవిడ అటకమీది ఇనుప పెనం దించింది. దోసెలూ బాగా వస్తున్నాయి, అది వేరే సంగతి.

తిండికన్నా పెద్ద సమస్య ఒంటరితనం. పలకరించేవారు లేకపోతే తన ఈకలు తనే పీక్కుంటుంది. రోజూ రెండు మూడు గంటలు దానితోనే గడుపుతాను. రిటైరైనవాడికి అదేం కష్టం కాదు.

ఇటువంటి విదేశీ పక్షిని 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేతులు మారినా తెలియజేయాలి. కనుక పెన్షన్‌కు నామినీని రాసినట్టే, చిలుకకు మా మనవరాలిని అనుకున్నాం. ఆదివారాలు వచ్చి గింజలు పెడుతోంది. అది ఇంకా ఆ పిల్ల చేతిమీద వాలడం లేదు. దూరంగా కూర్చుని అచ్చం నా గొంతుతో "కాఫీ అయిందా?" అంటుంది. మా ఆవిడ వంటింట్లోంచి "వస్తున్నా" అంటుంది.