గుణదల కొండకు ఒక రోజు ప్రయాణం
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మీద మాట్లాడవలసిన వక్తలు ఇంకా ఉన్నారు కనుక నాకిచ్చిన పది నిమిషాల్లో వేరే సంగతి ఒకటి మనవి చేసుకుంటాను. మొన్న ఫిబ్రవరి నెలాఖరులో మేము రెండు జంటలం కారు మాట్లాడుకుని విజయవాడ గుణదల మేరీమాత కొండకు వెళ్లి, అదే రోజు తిరిగి పిట్టలవానిపాలెం చేరాము. తీసుకువెళ్లినవారు మన సభ్యులే. పేరు చెప్పవద్దన్నారు కనుక "మా మిత్రుడు" అంటాను. ఈ విషయాలు చెప్పడానికి ఆయన భార్య అనుమతి తీసుకున్నాను. ఆవిడ నన్ను "అన్నయ్యగారూ" అంటుంది, నాకు చెల్లెమ్మ.

మేము చందోలు బండ్లమ్మ తల్లిని కొలిచేవాళ్లం, వారు క్రైస్తవులు. ముప్పయ్యేళ్లుగా మా సంక్రాంతి అరిసెలు వారింటికి, వారి క్రిస్మస్ కేకు మా ఇంటికి రావడం ఆనవాయితీ.

రెండేళ్ల క్రితం చెల్లెమ్మకు కేన్సరు అని తేలింది. ఆపరేషన్, తరువాత కీమో. మూడో వారానికి జుట్టంతా దిండు మీదకు వచ్చేసింది. ఆ రోజుల్లోనే ఆవిడ మొక్కుకుంది: వైద్యం పూర్తయి, జుట్టు మళ్లీ వస్తే, దాన్ని గుణదల మాతకు ఇస్తానని. వైద్యం పూర్తయింది. జుట్టు కూడా వచ్చింది, కాకపోతే తెల్లగా, ఉంగరాలు తిరిగి. మా మిత్రుడికి అది చూసుకుంటే ఎంత సంబరమో! మొక్కు మాట ఎత్తితే మాత్రం "ఎండలు తగ్గనీ", "వానలు పోనీ" అని వాయిదా వేసేవాడు. ఆఫీసులో ఇష్టంలేని ఫైలు మీద "చర్చించండి" అని రాసి పక్కన పెట్టినట్టు. ఆయన బాధ నాకు తెలుసు. బోడితల చూస్తే ఆయనకు ఆసుపత్రి రోజులే గుర్తుకొస్తాయి.

చివరకు ఆవిడే తేదీ ఖాయం చేసింది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్లు. లక్షల జనం. ఆ మూడు రోజులూ వదిలి, నెలాఖరున మామూలు పనిదినం చూసుకున్నాము.

తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాము. చందోలు, పొన్నూరు, తెనాలి, దుగ్గిరాల, మంగళగిరి. వెలనాటి చోడుల రాజధాని దగ్గర మొదలై, పసుపు మార్కెట్టు దాటి, కనకదుర్గ వారధి ఎక్కేసరికి బాగా పొద్దెక్కింది. ఎడమవైపు దూరంగా ఇంద్రకీలాద్రి కనిపిస్తే మా ఆవిడ చేతులు జోడించింది. చెల్లెమ్మ కూడా జోడించింది. ఒక పుణ్యక్షేత్రానికి పోతూ ఇంకో తల్లికి దణ్ణం పెట్టడం మన జిల్లాల్లో వింత కాదు.

గుణదల సంగతి తెలియనివారికి రెండు మాటలు. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సు దేశంలో లూర్దు అనే ఊళ్లో, బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పేదపిల్లకు ఒక గుహ దగ్గర మేరీమాత దర్శనమిచ్చిందని వారి విశ్వాసం. కట్టెపుల్లలు ఏరుకోవడానికి వెళ్లిన పిల్ల అది. క్షయతో బాధపడుతూ 35 ఏళ్ల వయసులో 1879లో చనిపోయింది. ఆ లూర్దుమాత విగ్రహాన్ని 1924లో ఇటలీ దేశపు మిషనరీ ఫాదర్ అర్లాటి గుణదల కొండ మీద ప్రతిష్ఠించారు. అంటే నూరేళ్లు దాటింది. కొబ్బరికాయలు, తలనీలాలు, కొవ్వొత్తులు అన్నీ అక్కడ ఉన్నాయి. దేవత దూరదేశం నుంచి వచ్చినా మొక్కు తీర్చుకునే పద్ధతి మాత్రం మన తెలుగువారిదే. ఇంకొక సంగతి: ఫిబ్రవరి 11ను రోగుల దినంగా పాటించాలని 1992లో పోపు జాన్ పాల్ నిర్ణయించారు. 1993 నుంచి అలాగే జరుగుతున్నది.

ఇక మా మిత్రుడు కొండ దిగువన ఆఖరి ప్రయత్నం చేశాడు. "మూడు కత్తెర్లు ఇచ్చినా మొక్కు చెల్లుతుందంటారు కదా, దానితో సరిపెట్టకూడదూ?" అన్నాడు. చెల్లెమ్మ కోప్పడలేదు. "ఏమండీ, అప్పుడు పోయినప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు నేను ఇస్తున్నాను" అన్నది. ఆయన మరి మాట్లాడలేదు. ఆవిడ కళ్లజోడు అందుకుని పట్టుకుని, పని అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. తరువాత గొడుగు విప్పి ఆవిడ తల మీద పట్టాడు.

మెట్లు మెల్లగా, కూర్చుంటూ లేస్తూ ఎక్కి గుహలోని మాత విగ్రహం దాకా వెళ్లాము. ఇంకా పైన కొండ కొమ్మున శిలువ ఉన్నది. అక్కడికి మా మోకాళ్లు ఒప్పుకోలేదు. చెల్లెమ్మ కొవ్వొత్తి వెలిగించి చాలాసేపు కళ్లు మూసుకుంది. ఏమి కోరుకున్నావని ఎవరమూ అడగలేదు.

జబ్బు నయం చేసినది మొక్కేనని నేను చెప్పడం లేదు, ఆవిడ కూడా అనదు. మందులు, డాక్టర్లు, పూటపూటకూ జావ కాచి ఇచ్చిన మా మిత్రుడు, వీరంతా కలిసి చేసిన పని అది. మళ్లీ పరీక్షకు వెళ్లవలసిన తేదీ దగ్గరలోనే ఉన్నది. ఏమి తేలుతుందో ఎవరికీ తెలియదు. అయితే ఆ జబ్బులో ప్రతిదీ తన ప్రమేయం లేకుండా జరిగిపోయిన మనిషికి, ఒక్కటైనా తన చేతులతో ఇచ్చానన్న ధైర్యం వచ్చింది. తిరుగు ప్రయాణంలో కొంగు కప్పుకోకుండా, కిటికీ గాలికి బోడితలతోనే కూర్చున్నది. మా మిత్రుడు అద్దంలోంచి చూసి, "చల్లగా ఉందా?" అని అడిగాడు. "హాయిగా ఉంది" అన్నది.

ఆఖరుగా సభ్యులకు కొన్ని సూచనలు. ఇటువంటి ప్రయాణం నలుగురు కలిసి చేయండి, బాడుగ చెరిసగం పడుతుంది, తోడూ ఉంటుంది. తిరునాళ్లు కాని రోజు ఎంచుకోండి. ఎండ ముదరకముందే కొండ ఎక్కండి. బి.పి., షుగరు మాత్రలు చేతిసంచిలో ఉంచుకోండి, డిక్కీలోని పెట్టెలో కాదు. మొక్కు ఉన్నదని మందులు మానకండి, మందులు ఉన్నాయని మొక్కును ఎగతాళి చేయకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ఆడవారి మొక్కులు ఏమైనా పెండింగులో ఉంటే అడిగి తెలుసుకుని, కాళ్లు ఆడుతుండగానే తీర్చండి. పెన్షను బకాయిలైతే మన తదనంతరం వారసులకైనా వస్తాయి. మొక్కు బకాయిలకు ఆ వెసులుబాటు లేదు.