పాసైనవాళ్లదేనా మన సంఘం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



తీపి జ్ఞాపకాలు చెప్పమన్నారు కార్యదర్శి గారు. అవి భోజనాల దగ్గర చెప్పుకుందాం. మైకు ముందు మాత్రం మన నియమావళిలో ఒక్క వాక్యం గురించి మాట్లాడతాను. ఈ బడిలో పదో తరగతి పాసైనవారే సభ్యత్వానికి అర్హులు అని అందులో ఉంది. ఆ కాగితం మీద నేనూ సంతకం పెట్టాను. అప్పుడు తప్పు కనిపించలేదు.

కిందటేడు మారేడుమిల్లి వైపు రోడ్డు పని చూడ్డానికి వెళ్తే, టీ కొట్టు దగ్గర ఒకతను లేచి నిలబడి "బాగున్నారా లీడరు గారూ" అన్నాడు. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. తొమ్మిదో తరగతిలో నా పక్క బెంచీ. కొండరెడ్ల అబ్బాయి, హాస్టల్లో ఉండేవాడు. నోటిలెక్కల్లో నన్ను ఒక్కసారీ గెలవనివ్వలేదు. తెలుగు వాచకం పైకి చదివితే మాత్రం క్లాసంతా నవ్వేది. కొండరెడ్ల మాతృభాష తెలుగే. కానీ వాళ్ల యాస వేరు, పుస్తకం భాష వేరు. ముందుగా నవ్వేది క్లాసు లీడరు, అంటే నేను. ఊళ్లో పోడు పనులు మొదలైతే కొన్నాళ్లు బడికి వచ్చేవాడు కాదు. హాజరు పట్టీలో వరసగా ఆబ్సెంట్లు వేసిందీ నేనే. ఓసారి సెలవులకు వెళ్లి మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదని మేమెవరమూ అడగలేదు.

ఈ సభకు రమ్మన్నాను. "నేను పాసవలేదు కదండీ, నాకెందుకు పిలుపు?" అన్నాడు. అప్పుడు గమనించాను, నేను అతన్ని 'నువ్వు' అంటున్నాను, అతను నన్ను 'మీరు' అంటున్నాడు. ఒకే క్లాసు వాళ్లం.

ఇంటికి వచ్చి మన సభ్యుల జాబితా తీశాను. బదిలీ మీద వచ్చిన ఉద్యోగుల పిల్లలు, వ్యాపారుల పిల్లలు పేజీల నిండా ఉన్నారు. కోయలు, కొండరెడ్లు, కొండకమ్మరులు వెతికితేగాని దొరకరు. మన్యంలో ఉన్న బడికి ఇదేం జాబితా? ఎవరూ కావాలని తీసేయలేదు. ఆ ఒక్క వాక్యమే జల్లెడ పట్టింది. మిగిలింది మన ఏర్పాట్లు చేశాయి. ఏటా సమావేశం రాజమండ్రి హోటల్లో, సాయంత్రం పూట. ఇక్కడి నుంచి యాభై కిలోమీటర్లు దాటుతుంది. భోజనాలయ్యేసరికి కొండ మీదికి బస్సు ఉండదు. కబురు వాట్సాప్‌లో, సిగ్నల్ లేని ఊళ్లకు కూడా. ఆడపిల్లలకు ఆహ్వానాలు ఇంకా పుట్టింటి చిరునామాకే వెళ్తున్నాయట. అది విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఈ సంగతి ప్రభుత్వాలకు మనకంటే ముందే తెలిసింది. బయటి నుంచి వచ్చిన టీచర్లు ఏజెన్సీలో నిలవడం లేదని 2000 జనవరిలో జీవో నంబరు 3 తెచ్చి, షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చారు. 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టారు. ఆ జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. తీర్పు మీద ఎవరి అభిప్రాయం వారిది. నాకు తెలిసిందల్లా, ఇప్పుడు మన ఊళ్ల పిల్లలు టీచర్లు కావాలంటే డీఎస్సీలో పోటీపడాలి. మనం మాత్రం ఏటా ఫస్టు వచ్చినవాడికి వెండి కప్పు ఇచ్చి ఫొటో దిగుతున్నాం. ఆ డబ్బుతో మన పిల్లలు కొందరికి డీఎస్సీ కోచింగు ఫీజు, పుస్తకాలు, బస్సు చార్జీ వస్తాయి. లెక్క వేసి కోశాధికారి గారికి ఇచ్చాను.

ఈ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. అడ్మిషన్ రిజిస్టరులో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులే, ఒక్క ఏడాది చదివినా సరే. ఆజీవ సభ్యత్వ రుసుం కట్టలేనివారికి మాఫీ. సమావేశం ఇక్కడే, పగటిపూట, సంత లేని రోజు. కార్యవర్గంలో గిరిజన సభ్యులకు, మహిళలకు ఖాయంగా స్థానాలు.

సంఘం స్థాయి పడిపోతుందని ఇద్దరు ముగ్గురు మిత్రులు ఫోన్ చేశారు. కోపం లేదు, కొన్నేళ్ల క్రితం నేనూ అదే అనేవాణ్ని. నా వృత్తిలో వాగు మీద కల్వర్టు కడితే ఎండాకాలపు నీరు చూసి కట్టం, వరద చూసి కడతాం. చిన్న తూము పెట్టి, నీళ్లు పక్కనుంచి రోడ్డు కోసుకుపోతే వాగును తిట్టి లాభం లేదు.

ఇంకో మిత్రుడు, వాళ్లను పిలిచినా రారు అన్నాడు. రాకపోవచ్చు. యాభై ఏళ్లు పిలవనివాళ్లు ఒక్క కార్డు ముక్కకే వచ్చేస్తారా? ఊరూరా తిరిగి చెప్పాలి. మారేడుమిల్లి వైపు ఊళ్లకు నేను వెళ్తాను. మిగతా మండలాలకు ఎవరు వెళ్తారో ఈ రోజే పేర్లు రాయించండి.

నా మిత్రుడు ఈ రోజు వచ్చాడు. వెనక వరసలో కూర్చున్నాడు. ముందుకు రమ్మంటే రానన్నాడు. సభ్యుడు కాదు కాబట్టి మధ్యాహ్నం అతనికి ఓటు లేదు, మనకుంది. సవరణ ప్రతులు కార్యదర్శి గారి బల్ల మీద ఉన్నాయి, భోజనానికి ముందు చదవండి.